మైలుతుత్తం కాటుక

కరక్కాయ, తానికాయ, ఉసిరిక పెచ్చులు రోట్లో దంచుతూ జ్ఞానప్రసూనాంబ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. రుద్దితే మరీ ఎక్కువవుతుందని ఆమెకు తెలుసు. ఏటా గుండుగొలనులో కుప్పనూర్పిళ్లు మొదలై దుమ్ము లేచేసరికి కళ్లు ఎర్రబడి, రెప్పలు ఉబ్బి, ఒకటే దురద. ఈ మూడూ కాచి, నాలుగు మడతల గుడ్డలో వడకట్టి, చల్లార్చి కడుక్కుంటే కాస్త హాయి. ఆ కషాయానికి భీమడోలు నుంచి ఆకివీడు దాకా పేరుంది. పేరు శేషగిరిరావు వైద్యుడిది. దంచేదీ కాచేదీ ఆయన భార్య. "వైద్యుడి పెళ్లానికే కళ్లు బాగోలేవంటే నా గుమ్మం ఎవరు తొక్కుతారే?" అని ఆ నెల్లాళ్లూ ఆమెను వీధి అరుగు మీదికి రానివ్వడు. పరాయి ఆడవాళ్లను తాను ముట్టుకోడు గనక, వాళ్ల కంట్లో మందు పెట్టడానికి మాత్రం ఆమె కావాలి.

పంతొమ్మిది వందల ముప్పై నాలుగులో ఆయన మైలుతుత్తం అనే నీలిరాయి మోతాదు పెంచి కొత్త కాటుక నూరాడు. ఇదే దురదతో కొల్లేటి లంక నుంచి వచ్చిన మార్తమ్మకు లోపలి గదిలో జ్ఞానప్రసూనాంబే పెట్టింది. "మండిపోతందండీ అమ్మగారూ!" అని మార్తమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. "ఓర్చుకో, తగ్గిపోతుంది," అంది, ఆయన చెప్పమన్నట్టే. ఎనిమిదో రోజున మార్తమ్మ కోడలి భుజం పట్టుకుని తడుముకుంటూ వచ్చింది. నల్లగుడ్ల మీద తెల్లటి పొర. "పథ్యం చెయ్యలేదు. చేపలు తినుంటుంది," అని ఆయన గుమ్మంలోంచే పంపేశాడు. అప్పటినుంచీ జ్ఞానప్రసూనాంబకు అన్నం సయించడం లేదు. చెప్పమన్నది ఆయనే, కానీ అబద్ధమాడిన నోరు తనది.

వారం తిరక్కుండానే ఒక పొద్దున ఆయన కాటుక గిన్నె, పుల్ల పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"రేపు ఏలూరు నుంచి జమీందారుగారి భార్య వస్తోంది. తుత్తం కొంచెం తగ్గించాను. నీకూ అదే జబ్బు కదా, ముందు నీకు పెట్టి చూస్తాను. వెలుతురులోకి రా." పెళ్లయ్యాక ఇంత మెత్తగా ఆయన ఎన్నడూ పిలవలేదు.

"మార్తమ్మది పథ్యం లోపమన్నారు. మరి తుత్తం ఎందుకు తగ్గించారండీ?"

ఆయన ఆమె గడ్డం పట్టుకుని మొహం పైకెత్తాడు. పుల్ల కొన దగ్గరకొచ్చింది.

ఆమె ఆ చెయ్యి తోసేసి, ఎర్రటి కళ్లు ఎవరి నుంచీ దాచుకోకుండా వీధి అరుగు మీదికి నడిచింది. వరసగా కూర్చున్న రోగులు తలెత్తి చూశారు. వెనక నుంచి ఆయన పిలుస్తున్నాడు.

"లంకల మార్తమ్మ కళ్లు పోయింది మా ఇంటి మందు వల్లేనండీ," అంది. "పెట్టింది నేను."