మూడు మడుల లెక్క

2003 మే ఆఖరు ఆదివారం ఉదయం, గోరంట్లలో, తిప్పేష్ విత్తనపు శెనక్కాయల మూట తెచ్చి భార్య పుష్పావతి ముందు దించాడు. చంకలో పేపరుంది.

"చూడు, మీ ఆఫీసు సంగతి ఏసినారు. చేత్తో ఒలిచినా, మిషనుతో ఒలిచినా మొలకలో తేడా లేదంట. నీ చెయ్యీ ఇనుమూ ఒకటే" అని నవ్వాడు.

"లేదని తేలలేదు" అంది పుష్పావతి.

పరిశోధన కేంద్రంలో ఆ లెక్క కట్టింది ఆమే. చేత్తో ఒలిచిన విత్తనం మూడు మడుల్లో, మిషనుది మూడు మడుల్లో వేశారు. చేతిదే ఎక్కువ మొలిచింది. కానీ వానలేని ఏడు, ఒక మడికీ ఇంకో మడికీ పొంతన లేదు. ఆ ఎక్కువ చేతి వల్ల వచ్చిందో, ఊరికే అట్లా కుదిరిందో అంత తక్కువ మడులతో పరీక్ష చెప్పలేకపోయింది. 'తేల్చలేం, ఇంకా మడులు కావాలి' అని రాసింది. ఆఫీసరు అది కొట్టేసి 'తేడా లేదు' అని రాశాడు. "తేల్చలేమంటే రైతులు మన మొగాన ఉమ్ముతారమ్మా. పో, టీ చెప్పిరా" అన్నాడు.

"మాకు కనపడలేదంటే లేదని కాదు. చూడాల్సినంత చూడలేదని" అంది ఇప్పుడు మొగుడితో.

"కనపడకపోతే లేనట్టే. పదేండ్లు ఒలిచినావే, ఏం ఎక్కువ పండె?"

పదేళ్లుగా మే నెలంతా ఆఫీసు నుంచి వచ్చి ఒలవడమే. బొటనవేలి గోరు చీలి రక్తం వచ్చేది. కూలిమనిషిని పెడదామంటే "ఇంట్లో చేతులుండంగా కూలెందుకే?" అనేది అత్త సిద్దమ్మ. పుష్పావతి ఒలవని విత్తనం ఆ చేలో ఒక్క ఏడూ పడలేదు. మరి ఏం ఎక్కువ పండిందో దేంతో పోల్చి చూశాడు ఈయన?

"ఒకటే అయితే మిషనుకే ఎయ్యి" అంది.

తిప్పేష్ నవ్వు ఆగింది. "మిషను పప్పు పగలగొడ్తాది. నువ్వే ఒలువు."

వంటింట్లోంచి సిద్దమ్మ అందుకుంది. "ఊరికే అయ్యే పనికి దుడ్లు పెడ్తారా ఎవురన్నా?"

పుష్పావతి ఒలవడానికని ఒళ్లో పెట్టుకున్న చేట తీసి గోడకు తగిలించింది. లేచి తల దువ్వుకోను పోయింది.

జూన్ రెండోవారంలో పదును వాన పడింది. పక్క చేలల్లో విత్తడానికి గొర్రులు కట్టారు. తిప్పేష్ మూట నడవలోనే ఉంది. మూతి కుట్టు విప్పలేదు.