ఒత్తిడి కింద బురద

నేను ఒక ఉక్కు గొట్టాన్ని. మూరెడు పొడవు, రెండు వేళ్ల మందం గోడలు, మరలతో బిగించే మూత. విశాఖపట్నం ఆటోనగర్లో లేతు యంత్రం మీద నన్ను చేసింది సన్యాసాచారి. నాలోకి పంపుతో నీళ్లెక్కించి, పగులుతానేమోనని తాను గోడ చాటున నిలబడి పరీక్షించాడు. నేను పగల్లేదు. ఆ రోజు నుంచీ నాకు కుదురు లేదు.

నన్ను చేయించుకున్నది నూకరత్నం. సముద్రపు అడుగు బురదలో బతికే సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తోంది. మూడు వేల మీటర్ల లోతు నుంచి ఓడవాళ్లు తెచ్చిన బురదలో సగం గాజు సీసాలో పోసింది, సగం నాలో. రెండింటికీ ఒకే తిండి, ఒకే చల్లదనం. నాలో మాత్రం ఆ లోతులో ఉండే ఒత్తిడి, అంటే మన గాలి ఒత్తిడికి మూడు వందల రెట్లు, ఎక్కించింది. గంటకోసారి వచ్చి, ఒత్తిడి చూపే నా ముల్లు చూసేది. ముల్లు కదలకపోయినా ఆమె మనసు కుదుటపడేది కాదు.

ఇరవై రోజులకు సీసాలోని జీవులు తిండంతా తినేశాయి. నాలోనివి పదో వంతు కూడా ముట్టలేదు.

ఆమె గైడు భుజంగరావుగారు ఆ అంకెలు చూసి మొహం చిట్లించారు. సముద్రపు అడుగున జీవులు చురుగ్గా తింటాయని, సీసాల్లో చూసిన లెక్కలతోనే ఆయన వ్యాసం అచ్చయి ఉంది.

"ఆ ఉక్కులోంచి ఏదో దిగి వాటిని చంపుతోందమ్మా. పక్కన పెట్టెయ్," అన్నారు.

నా మీద హత్యానేరం పడింది. రత్నం నన్ను సంచిలో వేసుకుని ఆటోనగర్ వెళ్లింది.

"ఆచారిగారూ, లోపల నూనె గాని మిగిలిపోయిందా?"

"కడిగే ఇచ్చినానమ్మా. అయినా మనిసి సెయ్యి కదా. మళ్లీ కడుగుతాను, నువ్వూ సూడు," అన్నాడాయన. నొచ్చుకున్నట్టు మాత్రం కనిపించలేదు.

ఈసారి ఆమె నాలో బురద నింపి, మూత బిగించి, ఒత్తిడి ఎక్కించకుండా వదిలేసింది. అదే ఉక్కు, అదే బురద. ఇరవై రోజులు నాకు ఊపిరాడలేదు. మూత తీసి చూస్తే తిండి లేదు, సీసాలో లాగే. మళ్లీ కొత్త బురద పోసి ఒత్తిడి ఎక్కించింది. మళ్లీ జీవులు మందగించాయి. వాటిని ఆపుతున్నది ఒత్తిడే, నేను కాదు.

భుజంగరావుగారు కాగితాలు రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"పత్రికకి సవరణ రాద్దాం. నా పేరే ముందు పెట్టు," అన్నారు.

"పని నాది కదండీ."

"తప్పు నాదమ్మా."

ఏడేళ్లు గడిచాయి. నా మరలు అరిగాయి. సన్యాసాచారి వచ్చి వేలితో తడిమి, "ఇంక దీనికి ఒత్తిడి ఎక్కించకండి," అన్నాడు. కొత్త గొట్టం ఆయనే చేశాడు. అది సముద్రపు అడుగునే మూసుకుని, ఒత్తిడి సడలకుండా బురదను పైకి తెస్తుందట. నాలోకి వచ్చిన బురద ఒకసారి ఒత్తిడి సడలి, పైగాలి చూసి వచ్చిందే. ఆ దారిలో ఏ జీవులు చచ్చాయో, ఏవి మిగిలాయో నాకు తెలియదు.

ఈ ఉదయం రత్నం ఆ కొత్త గొట్టాన్ని పట్టుకుని రేవుకు వెళ్లింది. నేను కిటికీ పక్క బల్ల మీద ఉన్నాను. ఓడ కూత వినిపించింది. నా లెక్క కూడా తప్పేనని తేలితే తేలనీ. నాకు తెలియాలి.