చీమలు పట్టకుండా

కొన్ని అణువులు గారెల్లా ఉంటాయి: గుండ్రంగా, మధ్యలో చిల్లుతో. బరంపురంలో నా పరిశోధన అలాంటి వాటి మీదే. ఏ ద్రవంలో కరిగిస్తే దాన్ని బట్టి అవి ఒక్కో తీరుగా పేర్చుకుని స్ఫటికాలవుతాయి. నా గారెలు మాత్రం మొండి ఘటాలు. అసిటోన్‌లో కరిగించి ఎన్నిసార్లు ఆరబెట్టినా పిండే మిగిలేది. నెలాఖరులోగా మంచి స్ఫటికం చూపించకపోతే వేరే అంశం తీసుకోమని మా గైడు లోకనాథ్ సార్ చెప్పేశారు. అంటే ఇన్నాళ్ల చాకిరీ గంగలో కలిసినట్టే.

ఠాకురాణి అమ్మవారి యాత్రకని చికిటి నుంచి వచ్చిన మా మేనత్త అప్పలనర్సమ్మ, నాకోసం ల్యాబ్‌కే వచ్చేసింది. అసిటోన్ సీసాను మూత లేకుండా ఆరబెట్టిన బల్ల దగ్గర ఆమెను కూర్చోబెట్టి చేతులు కడుక్కుని వచ్చాను. ఇద్దరం యాత్రకు వెళ్లిపోయాం.

సెలవులయ్యాక వచ్చి చూస్తే నా సీసా ఒక గాజు పళ్లెంలో ఉంది, దాని మీద పెద్ద బీకరు బోర్లించి ఉంది. అత్త పనే. మూత లేని గిన్నె కనబడితే ఆమెకు నిద్ర పట్టదు. ఆరనివ్వకుండా కప్పేసిందని ఒళ్లు మండి, అప్పటికప్పుడు ఫోన్ చేసి ఎడాపెడా తిట్టేశాను. ఆ తర్వాత బీకరు తీశాను. సీసా అడుగున పటికబెల్లం పలుకుల్లా స్ఫటికాలు మెరుస్తున్నాయి.

సార్ సూక్ష్మదర్శినిలో చూసి మురిసిపోయారు. "ఎలా వచ్చాయమ్మా కుమారీ? మళ్లీ చేసి చూపించు, అప్పుడే లెక్క," అన్నారు.

మళ్లీ బీకరు బోర్లించాను. పిండే. పళ్లెంలో అత్త ఏదో పోసి ఉండాలి, అది ఆరిపోయింది. ఫోన్ చేస్తే, "నానేటీ ముట్టనేదు," అని పెట్టేసింది. అన్ని తిట్లు తిన్న మనిషి ఇంకేం చెబుతుంది? నా నోటిని నేనే తిట్టుకుంటూ చికిటి బస్సెక్కాను.

"అత్తా, తప్పు నాదే. పల్లెంలో ఏటి పోసినావో సెప్పు."

అత్త చింతపండు పిక్కలు తీస్తూనే చెప్పింది. "సీసా అంచుకి తెల్లగుంటే పంచదార పాకమనుకున్నానే. సీమలు పట్టేత్తాయని పల్లెంలో ఎట్టి, పక్క బుడ్డీలో నీల్లు పోసినాను. ఆస్పత్రి వాసనేసినాయి."

అది నీళ్లు కాదు, నేను సీసాలు కడిగే స్పిరిట్. దాని ఆవిరి బీకరు కింద మెల్లగా అసిటోన్‌లోకి దిగి, గారెల చిల్లుల్లో చుట్టంలా తిష్ట వేసి, వాటిని వరసగా పేర్చింది.

ల్యాబ్‌కు వచ్చి పళ్లెంలో స్పిరిట్ పోశాను, బీకరు బోర్లించాను, ఈసారి నోరు మూసుకుని కూర్చున్నాను. వచ్చాయి. నా అంశం నాకే మిగిలింది.

సంతోషం పట్టలేక ముందు అత్తకే ఫోన్ చేశాను. నేను చెప్పిందంతా విని ఆమె ఒక్కటే అడిగింది.

"సీమలు పట్టనేదు కదా?"

"పట్టనేదత్తా," అన్నాను.