శీత్లా భవానికి మొక్కిన కోడి

జమ్లి ఒక చేత్తో దాణా డబ్బాను పైకెత్తి, రెండో చేత్తో దాని కింద ఇరుక్కున్న కోడిని పక్కకు తోసింది. అది రెండడుగులు వేసి మళ్లీ ఊకలో కూలబడింది. బాన్సువాడ శివారులోని ఆ షెడ్డులో పొద్దున లేస్తే ఆమెకు ఇదే పని. అన్నీ తెల్లవే, అన్నీ కూర్చున్నవే. రొమ్ము బరువుకు కాళ్లు పక్కలకు వంగాయి. ఊకకు ఒరుసుకుని ఈకలు రాలి, అడుగున ఎర్రటి తోలు కనబడుతోంది. ఒళ్లు పెద్దకోడిది, గొంతు మాత్రం ఇంకా పిల్లదే. కీచుమంటాయి.

చచ్చినవాటిని బస్తాలో వేస్తూ విసుక్కుంది. "తినుడు, కూసునుడు. గీ బతుకు పగోనికి గూడ వద్దు."

"ఎవల్ని తిడుతున్నవ్ అవ్వా?" షెడ్డు చూసుకునే ముష్తాక్ తలుపు దగ్గర నవ్వాడు. "నా దగ్గర కొంచవోయి నీ ఇంట్ల పెంచిన కోడి నడుస్తదా మరి?"

"నడుస్తది. ఇయ్యాల శీత్లా పండుగ, నన్ను జర జల్ది పంపియ్యి."

"గది నడిచే జాతి గాదు. తూకం కోసమే పుట్టిచ్చిండ్రు."

మనవడికి తట్టు తగ్గితే కోడినిస్తానని జమ్లి శీత్లా భవానికి మొక్కుకుంది. పిల్లవాడు లేచి తిరిగాడు గానీ, ఇంట్లోని నాటుకోళ్లు తెగులొచ్చి పోయాయి. అందుకే ముష్తాక్‌ను అడిగి ఒక పిల్లను తెచ్చుకుంది. షెడ్డులో ఇరుకు వల్లే ఇవి నడవవని ఆమె నమ్మకం. వాకిట్లో వదిలి, రాలిన దాణా, జొన్నలు వేసి పెంచింది. రాత్రి ఎక్కి పడుకోవడానికి గోడమూలన తుమ్మకర్ర కట్టింది. మొదట్లో పిల్ల వాకిలంతా ఉరికింది. తరువాత గడప దగ్గరే కూర్చుంది.

ఆ రోజు మధ్యాహ్నం తలస్నానం చేసి, కోడికి పసుపు పూసి, తట్టలో పెట్టుకుని తండా పొలిమేరలోని అమ్మ రాళ్ల దగ్గరికి వెళ్లింది. నీళ్లు చల్లితే కోడి నిలబడి ఒళ్లు విదిలించాలి. అప్పుడే అమ్మ ఒప్పుకున్నట్టు.

"జమ్లక్కా, కోడిని తెచ్చినవా, దిండు తెచ్చినవా?" అంది పక్కింటి జమునాబాయి. ఆడవాళ్లందరూ నవ్వారు.

పూజ చేసే లాల్‌సింగ్ నీళ్లు చల్లాడు. కోడి కళ్లు మూసి తెరిచింది. మళ్లీ చల్లాడు.

"లేవే! ఒక్కసారి లేవే, నీకు దండం పెడ్త!" జమ్లి రెక్కల కింద చేతులు పెట్టి నిలబెట్టింది. వదలగానే కూలబడింది. మళ్లీ ఎత్తింది. మళ్లీ అంతే.

"ఏం తక్కువ జేసిన అన్నా నేను?" ఆమె లాల్‌సింగ్ వైపు తిరిగింది. "కాళ్లు దేవుడిచ్చిండు. గీ రొమ్ము ఎవలిచ్చిండ్రు?"

లాల్‌సింగ్ చెంబు కింద పెట్టాడు. నోరు తెరిచి రొప్పుతున్న కోడి మెడ అప్పుడే ఆమె మోచేతి మీద వాలింది. కొట్టుకోను కూడా లేదు.

"సచ్చినదాన్ని అమ్మకియ్యరాదు చెల్లె," అన్నాడతను మెల్లగా. "కొబ్బరికాయ కొట్టు. మొక్కు వచ్చే ఏడాది తీర్చుకో."

కొట్టింది. నడవలేనిదాన్ని తెచ్చినందుకు నామీద కోపమా తల్లీ, ఇట్లా పుట్టించినవాళ్ల మీదనా, అని అడిగింది. రాళ్ల మీద పసుపునీళ్లు ఆరిపోతున్నాయి. ఇంటికొచ్చి పెరట్లో గుంత తీసి కోడిని పూడ్చింది.

గోడమూలన తుమ్మకర్ర కట్టింది కట్టినట్టే ఉంది. దాని బెరడు మీద ఒక్క గోరు గీత లేదు.