పప్పులో గోళీ

“సీసా దొరికింది! గీ టానిక్కే తాగిండు!”

వీరేందర్ అరుపుకు శామీర్‌పేట బస్టాపు సగం మెడికల్ షాపు ముందుకొచ్చి పడింది. అరుగు మీద అతని అన్న సిద్దిరాములు. మొహం కందగడ్డ, ఎగశ్వాస, వాంతులు. పొద్దున ఆ దగ్గు టానిక్ ఇచ్చింది పద్మలత. ఫార్మసీ చదివింది ఆమె, లైసెన్సు ఆమెది, ఇప్పుడు తిట్లూ ఆమెకే.

“ఏం విషమమ్మినవమ్మా మా అన్నకు?”

“విషమైతే కొన్నోళ్లంత పడాలె గద! జర జరుగుండ్రి, గాలి రానీయుండ్రి!”

సిద్దిరాములు కాళ్లు ఎత్తిపెట్టించి నాడి పట్టింది. పరుగు పందెంలా ఉంది.

“కల్లు గిట్ల తాగిండానే?”

“లేదక్కా. పడ్తలేదని ఆర్నెల్ల కిందనే మానేసిండు,” అంది అతని భార్య దుర్గాబాయి, తల వంచుకుని.

పడటం లేదా? పద్మలతకు ఒళ్లు మండింది. టానిక్‌లో ఉండే కాస్త ఆల్కహాల్ మామూలు మనిషిని ఏమీ చేయదు. తాగుడు మానిపించే గోళీ ఒంట్లో ఉంటే మాత్రం ఇలాగే పడేస్తుంది.

“పొద్దున అడిగిన గదా సిద్దిరాములన్నా, వేరే గోళీలేమన్న మింగుతున్నవా అని!”

“లే...దమ్మా... ఒట్టు...”

అబద్ధమాడే ఓపిక అతనికెక్కడిది? అంటే తెలియకుండా ఎవరో పెడుతున్నారు.

వెనక కౌంటర్లో ఆమె భర్త నగేష్ వకీలులా వాదిస్తున్నాడు. “డాక్టరు చీటీ లేంది దూది గూడ ఇయ్యం మేం! అడుగుండ్రి ఎవర్నన్నా!”

“నువ్వు జర ఆగయ్యా!”

ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే ట్రెక్కరు జీపు వచ్చింది. నలుగురూ పట్టి ఎక్కించారు. పద్మలత దుర్గాబాయి భుజం పట్టుకుంది.

“అల్వాల్ దవాఖానల ఏం మింగిండని అడుగుతరు. చెప్పకుంటే విషమనుకొని కడుపు కడుగుకుంట కూసుంటరు, గంతల పానం పోతది. పప్పుల కలిపినవా, చాయ్‌ల కలిపినవా?”

దుర్గాబాయి కొంగు నోట్లో కుక్కుకుంది. “పప్పుల.”

వీరేందర్ వదిన మీదికి చెయ్యెత్తాడు. పద్మలత ఆ చేతిని విసిరికొట్టింది.

“కొట్టుడు తర్వాత! ఏ గోళీనో, ఎంతదో తెల్వాలె. ఏ దుకాణంల కొన్నవే?”

“గీడనే.”

“నేనెప్పుడిచ్చిన?”

“నువ్వు గాదక్కా. వంటకని నువ్వు ఇంటికి పోయినప్పుడు...”

కౌంటర్లో వాదన ఆగిపోయింది. ఏదో డబ్బా కింద పడి దొర్లింది.

“ఎవరిచ్చిండ్రే? బండి పోవాలె, నోరు తెరువు!”

దుర్గాబాయి వేలు షాపులోకి చూపించింది.

“నగేష్ సారు.”