ఇద్దరికీ వచ్చిన సీటు

ఎండు జొన్నరొట్టెలు విరగకుండా డబ్బాలో సర్దుతున్న హుసేనమ్మకు వెనక నుంచి భర్త మాట వినపడింది. "నువ్వు కూడా రా. ఆడ వడ్డించేదానికి ఒక మనిషి కావాల."

ఎమ్మిగనూరు జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పే రాజశేఖర్, ఇరవై ఏండ్ల కింద తాను ఎం.ఏ. చదివిన ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీలో పాత స్నేహితులను కలవడానికి హైదరాబాదు పోతున్నాడు. రొట్టెలు, చెనిక్కాయల పొడి తెస్తానని అందరికీ మాటిచ్చేశాడు. చేసేది తను కాదు కదా.

వడ్డించడానికైనా సరే, రమ్మన్నాడు. ఆమెకు అదే చాలు. ఇరవై ఏండ్లుగా ఆ కాలేజీ ఆమె వంటింట్లోనే ఉంది. అన్నం కలుపుకుంటూ, కాళ్లకు నూనె రాయించుకుంటూ ఆయన చెబుతూనే ఉండేవాడు. గులాబి రంగు రాతిగోడలు, ఏనుగు ఎక్కేటంత వెడల్పు మెట్లు, పిలిస్తే పిలుపు గుండ్రంగా తిరిగొచ్చే నడిమి హాలు, పట్టాలిచ్చే రోజు నల్లగౌన్లు. గిన్నెలు తోముతూ ఆ మెట్లు ఆమె ఎన్నిసార్లు ఎక్కిందో. నిజానికి ఎక్కాల్సినవే. ఆదోనిలో డిగ్రీ అయ్యాక, పెండ్లయిన ఏడాదే, ఇద్దరూ కలిసి ప్రవేశపరీక్ష రాశారు. ఇద్దరికీ సీటొచ్చింది. "ఇద్దరమూ పోతే ఇల్లెవరు చూస్తారు?" అన్నాడాయన, జవాబు నిజంగా తెలియనట్టు. ఆయన అక్కడ చదువుకున్నాడు. ఆమె నందవరం దగ్గరి చేన్లో పత్తి తీసింది, అత్తను చూసుకుంది, బిడ్డను కన్నది. ఇప్పుడా బిడ్డ అనంతపురంలో నర్సింగు చదువుతోంది. ఆ రెండో సీటు మాట మాత్రం ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు.

తీరా చూస్తే భవనం ఆయన చెప్పినదానికన్నా పెద్దది. తలెత్తి చూస్తూ నిలబడింది. కోపం రావాల్సింది, సంతోషం వచ్చింది. దేవుళ్ల కోసం, రాజుల కోసం కట్టినవి ఆమె చూసింది. కూచుని పుస్తకం తెరిచే మామూలు మనుషుల కోసం ఇంత రాయి చెక్కారా? అంటే చదువు అంత గొప్పదని ఎవరో ఒకరు నమ్మారన్నమాట.

"మా మిసెస్, ఉష" అని పరిచయం చేశాడు రాజశేఖర్. పీర్లకు మొక్కుకుని అమ్మ పెట్టిన పేరు స్నేహితుల ముందు ఆయన నోట రాలేదు. ఫోను ఆమె చేతికిచ్చి, మెట్ల మీద వాళ్ల బ్యాచ్ ఫోటో తీయమన్నాడు. తీసింది. "డబ్బాల దగ్గర కూచో. మేము లోపల చూసొస్తాం. నీకు ఆడ ఏముంటాది?" అన్నాడు.

ఆమె ఫోనిచ్చింది. డబ్బాల సంచి కూడా ఆయన చేతికే తగిలించి, మెట్లెక్కింది.

లోపల రాయి చల్లగా ఉంది. వరండా చివర ఒక గది తలుపు తెరిచి ఉంది. తల నెరిసిన మేడం ఒకామె దక్కను కరువుల గురించి పాఠం చెబుతోంది. గుమ్మంలో మనిషిని చూసి ఆగి, ఎవరు కావాలని అడిగింది.

"ఎవరూ వద్దు మేడం. పాఠం వింటాను."

"పేరు?"

"హుసేనమ్మ."

ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీలో ఒకమ్మాయి జరిగి చోటిచ్చింది. కరువు తెలియని ఊరు కాదు ఆమెది. అయినా అది ఒక పాఠంగా, కారణాలతో సహా వినడం అదే మొదలు. గంట మోగాక మేడం దగ్గరికి పోయి, తన వయసు చెప్పి, ఇంకా చేరవచ్చా అని అడిగింది. పరీక్ష పాసైతే చాలు, వయసు ఎవరూ చూడరందామె.

తిరుగు బస్సులో ఆ మాట చెబితే రాజశేఖర్ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "ఇల్లెవరు చూస్తారు?" అన్నాడు.

"నువ్వు రెండేండ్లు ఆడుంటే నేను చూస్తి. ఇప్పుడు నేనుంటా, నువ్వు చూడు."

ఇంటికొచ్చాక ఆయన చాలా రోజులు ముభావంగా తిరిగాడు. ఆమె వంట తగ్గించి చదువు పెంచింది. ఒక ఆదివారం అటక మీద చప్పుడైతే పోయి చూసింది. ఆయన తన పాత పుస్తకాలు దించి, తువ్వాలుతో దుమ్ము తుడుస్తున్నాడు. ఆమె చేతులు చాపి ఒక్కొక్కటే అందుకుంది.

సీటొచ్చింది. బయల్దేరే రోజు అత్త మద్దమ్మ గడప మీద కూచుని కోడలి పెట్టె వైపే చూస్తోంది. మంత్రాలయం దాటి ఎరగని మనిషి. కొడుకు చెప్పిన కథలన్నీ గోడ అవతల కూచుని ఆమె కూడా విన్నదేనని హుసేనమ్మకు అప్పటిదాకా తోచలేదు.

"ఏమ్మే," అంది మద్దమ్మ మెల్లగా, "ఆడికి ముసలోళ్లను కూడా రానిస్తారా?"

హుసేనమ్మ పెట్టె కింద పెట్టి అత్త పక్కన కూచుంది.

"రానిస్తారత్తా. ఆడ వాకిండ్లు చానా పెద్దవి."