వహీబ్ జాన

"పాత బల్లలు పైకి తెచ్చి పడేయడం లేదు వహీబ్! వచ్చే వేసవి దాకా మేడ మీద చోటంతా మీ తోటకే వదిలేశారు."

హెడ్మిస్ట్రెస్ సౌసన్ ఐదంతస్తులు ఎక్కి, ఆయాసపడుతూ ఈ మాట చెప్పేసరికి బడి జవాను వహీబ్ మడికి నీళ్లు పోస్తున్నాడు. మేకుతో చిల్లులు కొట్టిన నూనె డబ్బాలోంచి నీళ్లు ఎండలో తళతళలాడుతూ జారుతున్నాయి. మడి చివరిదాకా తడిపాక గానీ అతను నవ్వలేదు.

కైరోలోని ఈ బడి మెట్లు ముప్పై ఏళ్లు ఊడ్చాడు. చివరి నాలుగేళ్లూ పిల్లలకు విత్తడం, కలుపు తీయడం నేర్పాడు. ఇవాళ్టితో ఉద్యోగం సరి. సాయంత్రం రైలుకు మిన్యాలోని చెల్లెలి ఇంటికి ప్రయాణం. తోటయితే దక్కింది. తను లేకపోతే నిలుస్తుందా అన్నదే దిగులు. కిందటి నెల మొదటిసారి కత్తెర పిల్లల చేతికిచ్చాడు. ఆ కోత తర్వాత మొలొఖియా ఆకుకూర సగం మళ్లీ చిగురించలేదు. ఎండను తిట్టుకున్నాడు.

నాలుగో తరగతి పిల్లలు బిలబిలా పైకొచ్చారు.

"ఏదీ, ఎలా కోస్తారో చూపించండి."

రొకయ్య ముందుకొచ్చింది. "మట్టికి జానెడు పైన! నువ్వేగా చెప్పావు తాతా." బొటనవేలు మట్టికి ఆనించి, చిటికెన వేలు కాడ మీదికి చాచి, కత్తెర తెరిచింది.

"ఆగవే తల్లీ!"

వహీబ్ తన చెయ్యి పక్కన ఆనించాడు. పగుళ్లలో మట్టి ఇంకిన ఆ జాన పక్కన పిల్ల జాన సగాన్ని కాస్త దాటి ఆగిపోయింది.

"అయ్యో, ఎండను ఊరికే తిట్టాను!"

"నీ చెయ్యి పెద్దదైతే మా తప్పా?"

"గాడిదను నేనేలే. మీ చేతులు పెరిగేదాకా మొక్కలు ఆగుతాయా మరి?"

టమాటా మొక్కకు ఊతంగా గుచ్చిన రెల్లు పుల్ల లాగి, తన జాన కొలిచి, అక్కడికి విరిచాడు. రొకయ్య దాన్ని కాడ పక్కన నిలబెట్టి కోసింది. కోసిన చోటికి కింద, మళ్లీ చిగురేసే మూడు కణుపులు పచ్చగా మిగిలాయి. వహీబ్ వాటిని వేలితో ఒకసారి తడిమి చూసి, చేతులు కడుక్కుని సంచీ అందుకున్నాడు.

"మొలొఖియా వండేటప్పుడు వెల్లుల్లి పోపు పడగానే అందరూ 'హా!' అని ఊపిరి పీల్చాలి. లేకపోతే రుచి రాదంటారు మన పెద్దలు, తెలుసుగా?"

"మిన్యా దాకా వినపడేట్టు పీలుస్తాం తాతా!"

మెట్ల మీద అడుగుల చప్పుడు ఒక్కో అంతస్తూ దిగిపోయింది.

"రేపు మొదటి గంటకే కోత. పుల్లతో కొలవకుండా ఎవరైనా కత్తెర ముట్టారో, ఊరుకోను!" అంది రొకయ్య.

పుల్లను మడి మధ్యలో గుచ్చింది. దాని మీద వహీబ్ బొటనవేలి తడి మట్టి ముద్ర ఇంకా ఆరలేదు.